కరెంట్ ఎక్కడా ఖర్చవదు తమ్ముడూ

తమ్ముడూ,

పదో తరగతి పిల్లల కోసం సర్క్యూట్ల మీద నువ్వు రాసిన వ్యాసం రాత్రి చదివా, పొద్దున మళ్ళీ చదివా. వినాయకుడి పందిట్లో సీరియల్ సెట్టు ఆరిపోతే పిల్లలంతా ఒక్కో బల్బూ కదిపి చూడటంతో ఎత్తుకున్నావు చూడు, అది బాగుంది. కానీ రెండో పేజీలో "మొదటి బల్బు కొంత కరెంట్ వాడుకుని మిగిలింది రెండోదానికి పంపుతుంది" అన్న చోట కాగితాలు పక్కన పడేశా. కోపమొచ్చింది, నిజంగా.

తప్పు నీ ఒక్కడిదే కాదులే. మనిళ్ళల్లో మాటలే అలా ఉన్నాయి. కరెంట్ పోయింది అంటాం, కరెంట్ బిల్లొచ్చింది అంటాం, ఫ్యాను మెల్లగా తిరిగితే కరెంట్ తక్కువొస్తోంది అంటాం. సప్లైకీ, యూనిట్లకీ, వోల్టేజికీ అన్నిటికీ ఒకే మాట. ఇంట్లో పర్లేదు గానీ పదో తరగతి పిల్లాడికి సర్క్యూట్ చెప్పేటప్పుడు కుదరదు. కరెంట్ ఎప్పుడూ ఒకదాని గుండా పారుతుంది, వోల్టేజి ఎప్పుడూ రెండు పాయింట్ల మధ్య ఉంటుంది. గుండా, మధ్య, ఈ రెండు మాటల కోసం ముప్పై ఏళ్ళుగా కొట్లాడుతున్నా, నువ్వేమో "రెసిస్టర్ గుండా 8 వోల్టులు పోతాయి" అని రాశావు.

12 వోల్టుల బ్యాటరీకి 2 ఓములది ఒకటి, 4 ఓములది ఒకటి రెసిస్టర్లు, అదే కరెంట్‌ని అడ్డుకునేవి, సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కట్టావు కదా. మొత్తం 6 ఓములు, కరెంట్ 2 ఆంపియర్లు. కరెంట్ కొలిచే అమ్మీటర్ మొదట్లో పెట్టినా, మధ్యలో పెట్టినా, చివర్లో పెట్టినా అదే 2. దారి ఎక్కడా చీలనప్పుడు ఇంకెటు పోతుంది? వాళ్ళు పంచుకునేది వోల్టేజిని, ఒకరికి 4, ఇంకొకరికి 8.

నా మొదటి వ్యాసంలో ఇదంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తే ఎడిటర్ గారు మంచి తెలుగు పేరు చెప్పి కరెంట్, వోల్టేజి, పవర్ మూడింటినీ "విద్యుత్తు" చేసేశారు. వోల్టేజిని కరెంట్‌తో గుణిస్తే పవర్ వస్తుందన్నది కాస్తా విద్యుత్తుని విద్యుత్తుతో గుణిస్తే విద్యుత్తు వస్తుందని అచ్చయింది. ఒక బళ్ళో మాస్టారు అర్థం కాలేదని కార్డు రాస్తే, అమ్మీటర్ అడిగి తెచ్చుకుని బస్సెక్కి వెళ్ళి ఆయన క్లాసులో చేసి చూపించొచ్చా. ఆ సంచిక ఇప్పటికీ ఎవరికీ చూపించను.

అసలు నీ సీరియల్ సెట్టులోనే బంగారం ఉంది, దాటేసి వెళ్ళిపోయావు. 40 బల్బులనుకో, 230 వోల్టులకి ఒక్కోదానికి ఆరు కంటే కాస్త తక్కువ పడుతుంది. ఒకటి మాడగానే కరెంట్ సున్నా. కరెంటే లేనప్పుడు మిగతా 39 బల్బుల దగ్గర వోల్టేజీ సున్నానే, మరి ఆ 230 ఏమైంది? మొత్తం ఆ మాడిన బల్బు రెండు కాళ్ళ మధ్యే నిలబడి ఉంటుంది. ఆ బల్బు ఊడదీసి హోల్డర్లో వేలు పెట్టిన పిల్లాడికి తగిలేది అదే. ముందు ప్లగ్గు పీకండ్రా అని నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు, అది నాకు అన్నిటికంటే ఎక్కువ బాధేసింది.

శాస్త్రవేత్త ఓమ్ 1827లో పుస్తకం వేశాడు, కిర్కాఫ్ 1845లో చదువుకుంటూనే తన నియమాలు చెప్పాడు, అంతవరకు సరే, అర పేజీ జీవితచరిత్రలు తీసెయ్. పుట్టిన ఊరితో మొదలుపెట్టడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. జంక్షన్‌లోకి, అంటే తీగలు కలిసే చోటికి, ఎంత కరెంట్ వస్తే అంతా బయటికి పోవాల్సిందే అన్న కిర్కాఫ్ మాట ఒక్కటి ఉంచు, దారి చీలే సర్క్యూట్ మీద నీ సమాంతరం లెక్క దాంతోనే సరిపోతుంది.

వోల్టేజీ, కరెంటూ రెండూ కొలిచే మల్టీమీటర్ ఒకటి, 1 కిలో ఓమ్‌ది ఒకటి 2 కిలో ఓములది ఒకటి రెసిస్టర్లు తెచ్చుకో. నీ లెక్కలో ఉన్న 2, 4 ఓములవి మామూలు పావు వాట్‌వి, అంటే అంతకు మించి పవర్ తట్టుకోలేనివి, పెట్టావంటే మాడిపోతాయి. 12 వోల్టులకి 4 మిల్లీ ఆంపియర్లు రావాలి, 4, 8 వోల్టులు అలాగే ఉంటాయి. నీ మీటర్లో 3.9 వస్తే 3.9 అనే రాసి పంపు.