పర్మినెంట్ ఉద్యోగం వదిలేసి, ఖాయంగా డబ్బులొస్తాయో లేదో తెలియని పనిలోకి దిగడం పిచ్చితనమా?

పిచ్చితనమో ధైర్యమో తర్వాత చూద్దాం. మీరు మానేశాక ఇల్లు ఎవరి జీతంతో నడుస్తుంది? నన్నడిగితే తేల్చుకోవాల్సింది అదొక్కటే. అకౌంట్స్‌లో పర్మినెంట్ ఉద్యోగం మానేసి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఆఖరి రోజు హెచ్‌ఆర్ కుర్రాడు ఒక ఫారం ఇచ్చాడు. 'మానేయడానికి కారణం' అన్నచోట వరుసగా గళ్ళు: మెరుగైన అవకాశం, పై చదువులు, ఆరోగ్యం, కుటుంబ కారణాలు, ఇతరములు. నేను 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'బొమ్మలు వేయడానికి' అని రాశాను. అతను చదివి, పెన్ను ఆడిస్తూ, "ఏ కంపెనీలో సార్?" అన్నాడు. ఏ కంపెనీ కాదు, ఇంట్లోనే అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే 'ఆరోగ్యం' అని పెట్టేద్దామా సార్? పైన మళ్ళీ అడుగుతారు" అన్నాడు. చివరికి రికార్డుల్లో నేను అనారోగ్యంతో మానేశాను. ఐడీ కార్డు, లాకరు తాళం తీసుకున్నాడు. కంపెనీ ఆరోగ్య బీమా ఆ రోజుతోనే ఆగిపోతుందని మాత్రం నేనడిగితేగానీ చెప్పలేదు. రాజీనామా ఇవ్వకముందే సొంతంగా పాలసీ తీసుకోండి. "కలను వెంటాడు" అని స్టేజీల మీద ఉపన్యాసాలిచ్చే వాళ్ళెవరూ ఈ ముక్క చెప్పరు. వాళ్ళ ఫీజు ముందే అందుతుంది కదా.

వాళ్ళు చెప్పే కథల్లో బెజోస్ తప్పకుండా ఉంటాడు. 1994లో మంచి ఉద్యోగం వదిలి అమెజాన్ పెట్టాడు, నిజమే. ఆలోచన బాగుంది కానీ మంచి ఉద్యోగం లేనివాడికైతే ఇంకా బాగుంటుందని బెజోస్ బాసే అన్నాడట. కానీ 1995లో తల్లిదండ్రులు అందులో 2,45,000 డాలర్లకు పైగా పెట్టారన్న సంగతి దగ్గర ఉపన్యాసం గబగబా ముందుకెళ్ళిపోతుంది. ఆ డబ్బు పోయే అవకాశమే 70 శాతమని అతను వాళ్ళకు ముందే చెప్పాడు. అయినా పెట్టగల ఇల్లు వెనక ఉంది.

ఇంకో అన్యాయం యాపిల్ కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒకడైన రొనాల్డ్ వేన్‌కి జరుగుతోంది. 1976లో కంపెనీ పెట్టిన 12 రోజులకే తన 10 శాతం వాటాను వదులుకుని 800 డాలర్లు తీసుకున్నాడని ఈరోజుకీ నవ్వుతారు. అప్పటికి అది భాగస్వామ్య సంస్థ. అప్పు తీర్చలేకపోతే అప్పులవాళ్ళు వచ్చేది ఆస్తి ఉన్నవాడి మీదికే. మిగతా ఇద్దరు, స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్‌ల దగ్గర చెప్పుకోదగ్గ ఆస్తే లేదు. నా లెక్కలో ఆయన చేసింది సరైన పనే. అంతెందుకు, వోజ్నియాక్ హెచ్‌పీ కంపెనీలో జీతం తీసుకుంటూనే యాపిల్ కంప్యూటర్ తయారుచేశాడు. ఉద్యోగం మానేసి పూర్తిగా రమ్మంటే మొదట రానన్నాడు!

మా బంధువుల్లో "మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకుంటావా" అనని మనిషి లేడు. ఆ అన్నవాళ్ళలో ఒక్కరూ ముంతలో ఎన్ని నీళ్ళున్నాయో అడగలేదు. అడిగింది మా ఆవిడే. పాత డైరీలో తన జీతం, అద్దె, పిల్లల ఫీజులు వేసి, కింద ఒక తేదీ రాసింది. "అప్పటిదాకా మీ ఇష్టం. అప్పటికీ కుదరకపోతే మళ్ళీ అకౌంట్స్‌లోకే వెళ్ళాలి. అప్పుడు నామీద అలగకూడదు, ఇప్పుడే చెప్పండి" అంది. సరేనన్నాను. ఆ తేదీ దాటింది. ఇప్పటికీ కొన్ని నెలలు డబ్బులొస్తాయి, కొన్ని నెలలు "వచ్చే వారం వేసేస్తాం" అన్న ఫోన్లే వస్తాయి. ఆ నెలల్లో ఇల్లు నడిపేది ఆవిడ జీతమే. ధైర్యవంతుణ్ణని నన్ను పొగిడేవాళ్ళకు ఈ మాట చెప్తే ఎందుకో ఉత్సాహం తగ్గిపోతుంది.

మీ ప్రశ్నలో మీ అభిరుచి గురించి బోలెడు రాశారు. ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నారో, అప్పులేమైనా ఉన్నాయో రాయలేదు. అవి చెప్పండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.