కళింగపట్నం మొగకు వెళ్లే పిల్లలకు

చిరంజీవి మనవరాలికి, నీతో వచ్చే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం మొగనూ, బౌద్ధ స్తూపాలున్న సాలిహుండం కొండనూ కలిపి ఏడాదిపాటు గమనించాలనుకోవడం చాలా మంచి ఆలోచన. ఆ రెంటికీ వేరువేరు పుస్తకాలు పెట్టకండి. క్రీస్తుకు పూర్వమే బౌద్ధులు వంశధార దక్షిణపు ఒడ్డున, సముద్రానికి కొద్ది దూరంలో ఆ కొండను ఎంచుకున్నారంటే ఏరూ రేవూ దగ్గరుండబట్టే. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ చోటును వెలుగులోకి తెచ్చారు. ఏరు ఎటు తిరిగింది, ఇసుక ఎక్కడ మేటవేసింది అన్నది చూడకుండా ఆ స్తూపాల ఇటుకల కథ సగమే తెలుస్తుంది.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ఒకసారి వెళ్లి వంద ఫోటోలు తెచ్చినా దానితో ఏమీ తేలదు. ఒకే గుర్తు నుంచి, అమావాస్యకూ పున్నమికీ, ఒకే పద్ధతిలో నెలకు రెండుసార్లు తీసిన కొలతలు ఏడాది తిరిగేసరికి ఏ ఆఫీసులోనైనా నిలబడతాయి. నలుగురు చాలు. ఒకరు టేపు పట్టాలి, ఒకరు రాయాలి, ఒకరు ఫోటో తీయాలి. నాలుగోవారు వేరే పని ఏదీ పెట్టుకోకుండా నీటి వైపే చూస్తూ ఉండాలి. అట్టబైండు పుస్తకం, పెన్సిలు తీసుకెళ్లండి. ఉప్పు తుంపరకు పెన్ను రాత కరిగిపోతుంది. ప్రతి పేజీలో మూడు గళ్లు గీయండి: చూసింది, విన్నది, అనుకున్నది. మూడోది మొదటి గడిలోకి జారిపోవడమే ఇలాంటి పనుల్లో ఎక్కువగా జరిగే తప్పు.

ఒడ్డు కోత కొలవడానికి కదలని గుర్తు కావాలి. కొబ్బరిచెట్టు పనికిరాదు, తుపానుకు పడిపోతుంది. గట్టి కట్టడం పునాది మూల ఎంచుకుని, ముప్పై మీటర్ల టేపుతో సముద్రం వైపు తిన్నగా కొలవండి. నీటి అంచు దాకా కాదు, కెరటం క్షణానికోచోట ఉంటుంది. కిందటి పోటు వదిలివెళ్లిన చెత్త గీత దాకా కొలవాలి. అమావాస్య, పున్నమి పోట్లు పెద్దవి, అష్టమి పోటు చిన్నది. అందుకే తిథి రాయని కొలతను మరోదానితో పోల్చలేం. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి గంట కూడా రాయండి.

మన తీరంలో వేసవి నుంచి నైరుతి రుతుపవనాలు వెళ్లేదాకా ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, చలికాలంలో వెనక్కి మళ్లుతుంది. జూలైలో ఒడ్డు సన్నబడిందని ‘సముద్రం ఊరిని మింగేస్తోంది’ అని రాసేస్తే, ఫిబ్రవరిలో ఇసుక తిరిగి చేరినప్పుడు మీ మాట ఎవరూ నమ్మరు. ఈ జూలైని వచ్చే జూలైతోనే పోల్చండి.

బావుల విషయంలో ఇంకా జాగ్రత్త. తెల్లవారి ఎవరూ తోడకముందే వెళ్లి, బరువు కట్టిన తాడుతో గట్టు నుంచి నీటి మట్టం దాకా కొలవండి. చేతిపంపైతే రెండు మూడు నిమిషాలు కొట్టాక నీళ్లు పట్టండి. గొట్టంలో నిలిచిన నీరు అసలు లెక్క చెప్పదు. సీసాను ఆ నీటితోనే మూడుసార్లు తొలవాలి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు వస్తే తాగడానికి బాగున్నట్టు లెక్క. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. సముద్రపు నీరు సుమారు 35,000. వేసవిలో ఏటి నీరు తగ్గి, పోటుతో ఉప్పునీరు ఎగువకు ఎక్కినప్పుడు ఒడ్డు బావుల్లో అంకె ఎలా మారుతుందో చూడండి. అయితే ఆ మీటరు కరిగిన లవణాల మొత్తం తప్ప ఏమీ చెప్పదు. క్రిములు, ఫ్లోరైడు దానికి కనబడవు. అంకె పెద్దదిగా ఉందని ఉద్దానం కిడ్నీ జబ్బుతో ముడిపెట్టి మాట్లాడొద్దు. దానికి కారణం శాస్త్రవేత్తలే ఏళ్లుగా వెతుకుతున్నారు. మీ మాటతో ఒక ఊరి పిల్లల పెళ్లి సంబంధాలు కూడా చెడతాయి.

చెత్తను వంద మీటర్ల గీత మీద మాత్రమే లెక్కించండి. వల ముక్కలు, థర్మోకోల్, నీళ్ల ప్యాకెట్లు, చెప్పులు, సీసాలు విడివిడిగా రాయండి. వల వేటవాళ్లది, ప్యాకెట్టు వనభోజనాలవాళ్లది, చెప్పు చాలాసార్లు ఏరు తెచ్చింది. ఎవరితో మాట్లాడాలో ఆ విభజనే చెబుతుంది. తూచేముందు ఎండబెట్టి ఇసుక దులపండి. కార్తీక మాసానికి ముందొకసారి, తరవాతొకసారి తప్పకుండా చేయండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. గూటికి వంద, వందా ఇరవై గుడ్లు ఉంటాయి. గూడు కనబడితే తవ్వొద్దు. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అంటుకుంటుంది, గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. టార్చికి ఎర్ర కాగితం కట్టండి, ఫోన్ ఫ్లాష్ వాడొద్దు. తాబేలు పిల్లలు వెలుతురు ఉన్నవైపే నడుస్తాయి. చచ్చిన తాబేలు కనిపిస్తే చేతికి తొడుగు వేసుకుని డిప్ప పొడవు కొలిచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, డిప్ప మీద రంగు చుక్క పెట్టండి. లేకపోతే అదే తాబేలును వచ్చే వారం మళ్లీ లెక్కపెడతారు. అటవీశాఖకు ఫోన్ చేయండి. అన్నట్టు, శ్రీకూర్మం గుడిలో చూసే నక్షత్ర తాబేలు నేల జీవి. దారిలో కనబడితే కాపాడుతున్నామనుకుని సముద్రంలో వదలకండి, మునిగి చస్తుంది.

సాలిహుండం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. స్తూపం మీదకి ఎక్కకండి. ఇటుకల సందుల్లో రావి మొలక కనిపిస్తే పీకాలనిపిస్తుంది. పీకితే వేరుతోపాటు ఇటుకా ఊడొస్తుంది. ఫోటో తీసి అక్కడి సిబ్బందికి చూపండి. వాలులో దొరికే పెంకు ముక్కను జేబులో వేసుకోవద్దు. ఎక్కడ, ఏ మట్టిలో ఉందన్నదే దాని విలువ. శ్రీకూర్మం స్తంభాల మీది శాసనాలకు సుద్దముక్క, పిండి, నూనె ఏదీ రాయకండి. పక్కనుంచి వాలుగా టార్చి వేస్తే అక్షరాల గుంటల్లో నీడ పడి చదవడానికి వస్తాయి.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు ‘సముద్రం ముందుకొచ్చీసిందా తాతా?’ అనొద్దు, అవునంటారు. ‘మీ చిన్నప్పుడు తెప్పలు ఎక్కడిదాకా లాగీవోరు?’ అనండి, చెయ్యి పెట్టి చూపిస్తారు. ఏ సంవత్సరం అని కాకుండా హుద్‌హుద్‌కు ముందా, తిత్లీకి తరవాతా అని అడగండి. 2014, 2018 అని మీరు రాసుకోవచ్చు. పడవలు ఒడ్డుకొచ్చి చేపల పాట జరిగే వేళ వెళ్లొద్దు. వలలు బాగుచేసుకునే మధ్యాహ్నం మంచిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు తీరిక ఉంటుంది. కానీ అవి చేతిలో డబ్బుల్లేని రోజులు, టీ ఖర్చు మీరే పెట్టుకోండి.

మొగలో ఇసుక దిబ్బ తేలి ఉంటే చూడాలని అనిపిస్తుంది. నడిచి వెళ్లొద్దు. పోటు మొదలైతే నీరు ముందునుంచి కాదు, వెనక పల్లంలోంచి నిండుతుంది. నీరు వెనక్కి తీసే పాటు వేళ ఏరు సముద్రంలోకి లాగేస్తుంది, ఈతగాడైనా నిలవలేడు. పాటు లాగుడు తగ్గాక ఊరి పడవవానితోనే వెళ్లి, నీరు తిరగకముందే వచ్చేయండి. అతను వద్దంటే ఆరోజు వద్దు.

ఆరు నెలలకోసారి ఒక్క పేజీ, ఒక పటం పంచాయతీకి ఇచ్చి, ఒక్క పనే అడగండి: ఫలానా చోట చెత్తకుండీ, ఫలానా బావికి నీటి పరీక్ష. రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. మొదటి కొలత వచ్చే అమావాస్యకే వేయండి. ఆ పేజీ ఫోటో నాకు పంపు, గళ్లు సరిగ్గా నింపారో లేదో చూస్తాను.

మీ తాతయ్య