కండోమ్ చిరిగి మూడు వారాలైంది, ఇప్పుడు టెస్టు చేయించుకుంటే వీసాకు ఇబ్బందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24. అట్లాంటాలో ఎమ్మెస్ చదువుతున్నాను. మూడు వారాల కిందట ఒకరితో కలిసినప్పుడు కండోమ్ చిరిగింది. ఇంటి నుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసుకున్నాను. ఇబ్బందేమీ లేదు గానీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెల్లజాతివారు కాని యువత హెచ్ఐవీ టెస్టు చేయించుకోవాలని క్యాంపస్ క్లినిక్‌లో పోస్టర్ పెట్టారు. అది మనవాళ్లకూ వర్తిస్తుందా? టెస్టు వల్ల వీసాకు ఇబ్బందా? ఇంట్లో తెలుస్తుందా?

జవాబు: చివరి రెండు ప్రశ్నలకు ముందు చెబుతాను. మిమ్మల్ని క్లినిక్ గడప తొక్కనివ్వనిది ఆ భయమే అనిపిస్తోంది. హెచ్ఐవీ ఉన్న విదేశీయులను అమెరికాలోకి రానివ్వకూడదన్న నిబంధన 2010 జనవరిలోనే పోయింది. స్టూడెంట్ వీసాకే కాదు, రేపు గ్రీన్ కార్డు వైద్య పరీక్షకూ అది అడ్డు కాదు. లైంగిక వ్యాధుల్లో అక్కడ చూసేవి సిఫిలిస్, గనేరియా. అవి ఉన్నా చికిత్స తీసుకుంటే సరిపోతుంది. హెచ్ఐవీ పాజిటివ్ వస్తే ఆ సమాచారం రాష్ట్ర ఆరోగ్య శాఖకు గోప్యంగా వెళ్తుంది. ఇక ఇన్సూరెన్స్ మీ పేరున ఉంటే కాగితాలూ మీకే వస్తాయి. దానికి నాన్నగారి ఈమెయిల్ గనక ఇచ్చి ఉంటే ఇవాళే మార్చండి.

పోస్టర్ సంగతి. అమెరికా జనాభాలో నల్లజాతివారు 12 శాతం దాకా ఉంటారు. కొత్తగా హెచ్ఐవీ సోకుతున్నవారిలో మాత్రం వారు మూడో వంతుకు పైనే. లాటినోల్లోనూ (లాటిన్ అమెరికా మూలాలవారు) జనాభా నిష్పత్తికి మించి కేసులున్నాయి. సగం దాకా కొత్త కేసులు దక్షిణాది రాష్ట్రాలవే. మీరున్న జార్జియా కూడా ఆ వరసలోదే. నల్లజాతివారు, లాటినోల నడవడికే కారణమని కొందరు తేల్చేస్తారు, అది తప్పు. ఇన్సూరెన్స్ ఉండదు, దగ్గర్లో క్లినిక్ ఉండదు, టెస్టు ఆలస్యమవుతుంది, ఈలోగా తెలియకుండానే ఇంకొకరికి పాకుతుంది. పైగా డాక్టర్లంటే నమ్మకం తక్కువ. పక్కనున్న అలబామాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవారికి మందు ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో గమనిస్తూ కూర్చున్నది ప్రభుత్వ వైద్యులే మరి.

మనవాళ్ల సంగతంటారా? 2000ల తొలినాళ్లలో మన ఊళ్లలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని హోర్డింగులు పెట్టారు. అప్పటికి మీరు చంటిపిల్లాడు. మీ ప్రశ్న వింటే అదే గుర్తొచ్చింది. పులిరాజా ఏ జాతివాడన్నది కాదు, ఏం చేశాడన్నదే లెక్క. కండోమ్ చిరిగింది కాబట్టి పోస్టర్‌తో పని లేకుండానే మీకు టెస్టు అవసరం.

మొదటి 72 గంటల్లో వెళ్లి ఉంటే పెప్ అనే మందులు 28 రోజులు వాడి హెచ్ఐవీని చాలావరకు అడ్డుకోగలిగేవారు. ఆ గడువు దాటిపోయింది. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే తెల్లారేదాకా ఆగకండి, ఎమర్జెన్సీకైనా వెళ్లండి. ఇప్పుడైతే ఈ వారమే నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే యాంటిజెన్, యాంటీబాడీ టెస్టు చేయించుకోండి. నెగటివ్ వచ్చినా 45 రోజులు నిండాక మళ్లీ చేయించాలి. మెడికల్ షాపులో దొరికే నోటి కిట్ అయితే 90 రోజుల దాకా నమ్మడానికి లేదు.

ఆ అజిత్రోమైసిన్ మీద నాకు కోపంగా ఉంది. సూట్‌కేసులో ఆవకాయతో పాటు యాంటీబయాటిక్స్ సర్ది పంపడం మన ఇళ్లలో అలవాటైపోయింది. అది హెచ్ఐవీని ఏమీ చేయదు. గనేరియాకు ఇంజెక్షన్ కావాలి, క్లమీడియా అనే మరో లైంగిక వ్యాధికి ఏడు రోజుల డాక్సీసైక్లిన్. అరకొరగా వాడితే జబ్బు పోదు, లక్షణాలు మాత్రం మరుగున పడతాయి. క్లమీడియా చాలామందిలో అసలు బయటపడదు, కాబట్టి ‘ఇబ్బందేమీ లేదు’ అన్నది ధీమా కాదు. మూత్ర పరీక్ష, సిఫిలిస్‌కు రక్త పరీక్ష చేయించండి. సిఫిలిస్‌ది మూడు నెలలకు మరోసారి చేయించాలి. వేసుకున్న మాత్రల గురించి అక్కడ దాచకండి. మీరు కలిసినది ఆడా మగా అన్నది రాయలేదు, నేనూ అడగను. అక్కడి డాక్టరుకు మాత్రం చెప్పండి. గొంతు నుంచి, మలద్వారం నుంచి కూడా స్వాబ్ తీయాలా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

కండోమ్ ఎందుకు చిరిగిందో ఆలోచించారా? కొబ్బరి నూనె రాస్తే లేటెక్స్ దెబ్బతింటుంది. నీటితో గానీ సిలికాన్‌తో గానీ చేసిన లూబ్రికెంటే వాడాలి. పర్సులో నెలల తరబడి పెట్టుకున్నదీ పనికిరాదు.

ఇలాంటి సందర్భాలు మళ్లీ మళ్లీ వస్తాయనుకుంటే, హెచ్ఐవీ సోకకుండా ముందే వాడే ప్రెప్ మందుల గురించి అడగండి. అక్కడ 2012 నుంచే ఉంది. రోజూ మాత్ర వేసుకోవచ్చు. రెండు నెలలకోసారి ఇంజెక్షన్ ఉంది, 2025 నుంచి ఆరు నెలలకోసారి ఇచ్చేదీ వచ్చింది. హెచ్ఐవీ లేదని తేలాకే మొదలుపెడతారు. అది గనేరియా, సిఫిలిస్‌లను ఆపదు, కాబట్టి కండోమ్ మానేయడానికి లేదు. లైంగికంగా సోకే హెచ్‌పీవీ వైరస్‌కు టీకా వేయించుకోకపోతే మీ వయసుకు అదీ వేస్తారు.

రెండో రిపోర్టు వచ్చేదాకా ఎవరితోనూ కండోమ్ లేకుండా కలవకండి, రక్తదానం చేయకండి. కౌంటర్ దగ్గర కథంతా చెప్పక్కర్లేదు. ‘ఎస్టీఐ స్క్రీనింగ్ కావాలి’ (లైంగిక వ్యాధుల పరీక్షలు) అంటే చాలు, మిగతావి లోపల డాక్టరే అడుగుతారు.