పసుపు, ఆవ, అడ్డపొగ: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అత్త చిన్నప్పట్నుంచీ అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని) తాగుతోంది. మానమంటే మానదు. పోనీ రోజూ పాలలో పసుపు కలిపిచ్చి, కెరోటిన్ మాత్రలు కొనిపెడితే నోటి క్యాన్సర్ రాకుండా ఉంటుందా?
(పాఠకురాలు, కళింగపట్నం)

జవాబు: కెరోటిన్ మాత్రలు వద్దే వద్దు. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్లు 29,133 మందితో పరీక్ష చేశారు. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ వేసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. గుమ్మడికాయ, మునగాకు నిక్షేపంగా తినొచ్చు, పేచీ అంతా మాత్రతోనే.

పసుపు మీద హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పని చేసింది. పొగతాగే 16 మందికి రోజుకు 1.5 గ్రాముల చొప్పున 30 రోజులు ఇస్తే, జన్యువుల్ని దెబ్బతీసే పదార్థాలు మూత్రంలో తగ్గాయి. అంతవరకే; క్యాన్సర్ ఆగిందని కాదు. అదే సంస్థ అడ్డపొగ తాగేవారికి విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఏడాదిపాటు ఇచ్చి చూసింది. క్యాన్సర్‌కు దారితీయగల నోటి మచ్చలు 57 శాతం మందికి పూర్తిగా పోయాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 8 శాతానికే. ఆశ పుట్టించే ఫలితమే గానీ డాక్టరు అజమాయిషీలో జరిగింది. విటమిన్ ఎ మోతాదు మించితే కాలేయానికి చేటు, సొంతంగా కొనకండి.

మాన్పించే ప్రయత్నం మాత్రం వదలొద్దు. శ్రీకాకుళంతో కలిపి మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిపై జరిగిన అధ్యయనం 1986లో అచ్చయింది. నచ్చజెప్పి మాన్పించే ప్రయత్నం ఎవరిమీద జరిగిందో వారిలో తెల్లమచ్చలు తక్కువగా వచ్చాయి. నెలకోసారి, ఆమెకు కట్టుడుపళ్లుంటే తీయించి, టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లగా మందమెక్కినా దంతవైద్యునికి చూపించాలి. ఎర్రమచ్చ, గట్టి అంచు, రెండు వారాలైనా మానని పుండు ఉంటే ఇక ఆగొద్దు.

ప్రశ్న: క్యాబేజీ ఎలా వండితే క్యాన్సర్‌ను అడ్డుకునే గుణం పోదు?
(పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: మీరడిగే పదార్థాలు క్యాబేజీలో తయారుగా ఉండవు. తరిగినప్పుడు మైరోసినేస్ అనే ఎంజైము వాటిని పుట్టిస్తుంది. ఉడికిస్తే ఆ ఎంజైము చస్తుంది. అందుకే సన్నగా తరిగి 40 నిమిషాలు వదిలేసి, నీళ్లు పోయకుండా మూతపెట్టి మూడు నాలుగు నిమిషాలు మగ్గనివ్వండి. గంజి వార్చినట్టు నీళ్లు పారబోస్తే సగం అందులోనే పోతుంది.

ఇంతకన్నా తేలిక దారి మన ఆవ పెట్టిన కూర. పచ్చి ఆవపిండిలో ఆ ఎంజైము పుష్కలం. ఉడికించిన 200 గ్రాముల బ్రకోలీలో 1 గ్రాము ఆవపిండి కలిపి తినిపిస్తే, ఒంటికి పట్టిన సల్ఫోరఫేన్ (మీరడిగే పదార్థాల్లో ఒకటి) నాలుగు రెట్లు దాటిందని ఇంగ్లండులో కొలిచారు. పొయ్యి దించి, కూర గోరువెచ్చబడ్డాకే కలపాలి. వేడిమీద వేస్తే చేదెక్కుతుందని పెద్దవాళ్లు చెప్పేదీ ఇదే. తాలింపులో చిటపటలాడిన ఆవాలు దీనికి పనికిరావు. క్యాబేజీలో సల్ఫోరఫేన్ బ్రకోలీ కంటే తక్కువన్నది గుర్తుంచుకోండి.

ప్రశ్న: మామయ్యకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) ఎక్కువ. క్యాన్సర్ రాకూడదని పరగడుపున చెంచాడు పసుపు, మిరియాల పొడి వేన్నీళ్లలో తాగుతున్నారు.
(పాఠకురాలు, కవిటి)

జవాబు: ఆపించండి. పసుపులో ఆక్సలేటు (కిడ్నీలో రాళ్లు కట్టించే లవణం) ఉంది. రోజుకు 2.8 గ్రాములు తిన్న ఆరోగ్యవంతులకే మూత్రంలో ఆక్సలేటు పెరిగింది. చెంచాడంటే దాదాపు అంతే. నీరసించిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, లోపలే పేరుకుంటుంది. మిరియాల్లోని పైపరిన్, పసుపులోని కర్క్యుమిన్‌తోపాటు ఫెనిటాయిన్ లాంటి ఫిట్స్ మందునూ రక్తంలో పెంచుతుంది. ఇంటిల్లిపాది కూరలో పావు చెంచా వేస్తే ఫరవాలేదు. మొదటి జవాబులో మునగాకు తినొచ్చన్నా, కిడ్నీ రోగికి దాని పొడితో పొటాషియం పెరిగే భయం ఉంది, కిడ్నీ డాక్టరునడక్కుండా ఇవ్వొద్దు.

ప్రశ్న: బిళ్ళగన్నేరు ఆకురసం తాగమంటున్నారు, మంచిదేనా?
(పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: తాగకండి. అందులోని విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ క్యాన్సర్ మందులే, కానీ శుద్ధిచేసి, ఒంటి కొలత లెక్కగట్టి నరానికి ఎక్కిస్తారు. ఆకురసంలో మోతాదుకు లెక్క లేదు. మించితే తెల్లరక్తకణాలు పడిపోతాయి, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి.