స్వెటర్లు అమ్మే అక్క ఏ దేశం మనిషి?

ప్రశ్న: ఏటా చలికాలంలో మా వీధి చివర స్వెటర్లు అమ్మే టిబెటన్ అక్క 1984లో కర్ణాటకలోని బైలకుప్పెలో పుట్టిందట. అయినా తాను ఇండియా పౌరురాలిని కాదంటుంది. ఇక్కడే పుట్టాక ఇదేంటండీ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చట్టం చూస్తే ఆమె పౌరురాలేనమ్మా. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఇక్కడ పుట్టిన టిబెటన్లకు పుట్టుకతోనే పౌరసత్వం ఉంది. 2010లో ఢిల్లీ హైకోర్టు ఓ టిబెటన్ యువతి పాస్‌పోర్టు కేసులో ఇదే తేల్చింది. 1987 జూన్ 30 తర్వాత పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు నుంచి రూలు ఇంకా బిగిసింది.

బైలకుప్పెలో ఒక టిబెటన్ పెద్దాయన తన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఇక్కడ ఉండటానికి టిబెటన్లకు ప్రభుత్వం ఇచ్చే కాగితం) నాకు చూపించారు. మడతల దగ్గర చిరిగితే టేపు వేసి, ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నారు. రెన్యువల్ దగ్గరపడితే నిద్ర పట్టదన్నారు. అరవై ఏళ్లకు పైగా ఇక్కడే బతికిన మనిషికి ఆ టెన్షన్ ఏమిటని నాకు చాలా బాధేసింది.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. 1959లో దలైలామాకు ఆశ్రయమిచ్చాం. 2003లో టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతం చైనాలో భాగమేనని ఒప్పుకున్నాం. ఈ రెంటి మధ్య నలిగేది ఆ అక్కలాంటి వాళ్లే.

ఇంకో సంగతి. కొందరు పౌరసత్వం కావాలనే తీసుకోరు, ఎప్పటికైనా సొంతగడ్డకు వెళ్తామన్న ఆశతో. ఈసారి ఆమె వచ్చినప్పుడు తనకేం కావాలో అడగండి. పాస్‌పోర్టే కావాలంటే జనన ధ్రువపత్రం భద్రంగా ఉంచుకోమనండి.