సెలవు నెలలో కరిగిపోయే పొదుపు: ఒక జవాను ఇల్లాలి ప్రశ్న

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా ఆయన ఆర్మీలో నాయక్. వయసు 34, సర్వీసు 14 ఏళ్లు. ఇప్పుడు లడఖ్ వైపు ఉన్నారు. నెలకు 34 వేలు నా ఖాతాకు పంపుతారు. అత్తమ్మ, ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, నేను. ఇంటి ఖర్చు 22 వేలు దాటదు. జాకెట్లు కుట్టి నేనూ నాలుగైదు వేలు సంపాదిస్తా. ఆయన లేనన్నాళ్లూ డబ్బు బాగానే మిగుల్తుంది. సెలవు మీద దిగారంటే మాత్రం అంతా మాయం! రోజూ నాటుకోడి, సంగటి, అందరినీ వేసుకుని తిరుమల కొండకు ప్రయాణం, మేనల్లుళ్లకు సెల్‌ఫోన్లు. ఏమన్నా అంటే ‘ఎప్పుడో ఒకసారి వచ్చేవాడిని లెక్కలు అడుగుతావా’ అంటారు. పోనీ ఫోన్‌లో మాట్లాడదామంటే సరిగ్గా డబ్బు మాట వచ్చేసరికి సిగ్నల్ పోతుంది. ఊళ్లో నాకున్న పరపతంతా తక్కువ ధరకు సరుకులిచ్చే ఆర్మీ క్యాంటీన్ కార్డుదే. కుక్కర్ కావాలన్నా, మిక్సీ కావాలన్నా చుట్టాలకు నేనే గుర్తొస్తా. ఇంతా చేసి బ్యాంకులో 4 లక్షల 60 వేలు ఉన్నాయి. మా చిన్నాయన రేణిగుంట దగ్గర 12 లక్షల ప్లాటు చూపించి, పనులు తొందరగా జరగాలంటే జీపీఏ (మన తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం) తన పేరున చేయమంటున్నారు. తక్కువ పడేదానికి పర్సనల్ లోన్ తీసుకుందామని మా ఆయన. పన్ను మిగులుతుందని ఏజెంటు ఇంకో పాలసీ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక జవాను భార్య, తిరుపతి జిల్లా

జవాబు: ముందు ప్లాటు సంగతి చెప్తాను. అడ్వాన్సు చేతులు మారాక నేనేం చెప్పినా ఉపయోగం ఉండదు. అప్పు చేసి ఆ ప్లాటు కొనొద్దు.

మీ దగ్గరున్నదంతా పెట్టినా, రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి కనీసం 8 లక్షలు అప్పు కావాలి. 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 17,400 కట్టాలి. ఇంటి ఖర్చు పోను మీకు మిగిలేది 12 వేలు. కుట్టుపని డబ్బంతా కలిపినా కిస్తీకి సరిపోదు. అత్తమ్మకు ఒంట్లో బాగోలేక ఒక్కసారి తిరుపతి ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఏం చేస్తారు? జవాను జీతం చూసి బ్యాంకులు అప్పు తొందరగా ఇస్తాయి. ఇస్తున్నారు కదా అని తీసుకోవాల్సిన పని లేదు.

అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మీ ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడుకున్నట్టు లేదు. మీ ఆయన అరవై ఏళ్లకు రిటైర్ కారు. నాయక్‌గానే ఉంటే 22 ఏళ్ల సర్వీసుకు, ఆ పై ర్యాంకు హవల్దార్ అయితే 24 ఏళ్లకు ఇంటికి వస్తారు. పొడిగింపు దొరికితే ఇంకో రెండేళ్లు. అంటే ఎనిమిదేళ్ల తర్వాత ఎప్పుడైనా రావచ్చు. అప్పటికి ఆయనకు 42, పాపకు 15. పదో తరగతి అయిపోయి ఇంటర్ ఫీజులు మొదలయ్యే వయసు. సరిగ్గా అప్పుడే ఇంటికొచ్చే డబ్బు తగ్గుతుంది. చివరి మూలవేతనం, సైనికులకు అదనంగా ఇచ్చే మిలిటరీ సర్వీస్ పే కలిపి అందులో సగం పెన్షన్‌గా వస్తుంది. దాని మీద కరువు భత్యం ఉంటుంది. సరిహద్దులో ఉన్నందుకు ఇచ్చే అలవెన్సులు మాత్రం ఉండవు. పెన్షన్‌లో సగం దాకా కమ్యూట్ చేసి ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. తీసుకుంటే ఆ సగం 15 ఏళ్ల దాకా నెలనెలా కోత పడుతుంది. ఆ ముద్ద డబ్బుతోనే చాలామంది ఊళ్లో ఇల్లు కట్టేసి, నెల గడవక మళ్లీ సెక్యూరిటీ ఉద్యోగాలు వెతుక్కుంటారు. నలభై రెండేళ్ల మనిషి రెండో ఉద్యోగం చేయడంలో తప్పేం లేదు. కానీ ఆ ఉద్యోగం నచ్చి చేయాలి, ఫీజుల టెన్షన్‌తో దొరికిందల్లా పట్టుకునే పరిస్థితి రాకూడదు. అందుకే ఈ ఎనిమిదేళ్లు మీకు చాలా విలువైనవి.

ఇక సెలవు నెల. మీరు నవ్వుతూ రాశారు గానీ మీ పొదుపు నిలిచేదీ, పోయేదీ అక్కడే. మీ ఆయనను దుబారా మనిషి అనడానికి నాకు మనసు రావడం లేదు. ఆయన ఉన్నచోట డబ్బు ఖర్చు పెట్టడానికి చోటే ఉండదు. పిల్లల పుట్టినరోజులు, గంగమ్మ జాతర, చెల్లెలి ఇంట్లో శుభకార్యం... అన్నీ ఫోన్‌లోనే చూస్తారు. వాటన్నిటికీ కలిపి సెలవులో ఒకేసారి ప్రేమ చూపించాలనుకుంటారు. చేతిలో ఉన్న సాధనం డబ్బే కాబట్టి దాంతోనే చూపిస్తారు. దాన్ని ఆపాలని చూస్తే ఉన్న కొద్ది రోజులూ గొడవతోనే పోతాయి. ఆపకండి, దానికో హద్దు పెట్టండి.

నెలకు 4 వేలు చొప్పున వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాదికి 48 వేలు. వార్షిక సెలవు 60 రోజులు, క్యాజువల్ సెలవు 30 రోజులు ఉంటాయి కాబట్టి ఆయన సాధారణంగా రెండు విడతలుగా వస్తుంటారు. ఆ 48 వేలను రెండు విడతలకూ పంచుకోండి. ఆయన దిగిన రోజే ఆ డబ్బు ఆయన చేతికి ఇచ్చి, ‘ఇది మీ సెలవు డబ్బు, మీ ఇష్టం’ అనండి. నాటుకోడి అందులోనే, కొండ ప్రయాణం అందులోనే, మేనల్లుళ్ల ఫోన్లూ అందులోనే. లెక్క అడగొద్దు. అడగకపోవడమే మీరిచ్చే గౌరవం. మిగతా పొదుపు ఉన్న ఖాతాకు మాత్రం ఏటీఎం కార్డు, ఫోన్‌పే రెండూ లేకుండా చూసుకోండి.

డబ్బు గురించి మాట్లాడటానికి సెలవు మధ్యలో ఒక రోజు పెట్టుకోండి. దిగిన మొదటి వారం వద్దు. వెళ్లే ముందు రెండు రోజులు అసలే వద్దు. నల్ల ట్రంకు సర్దుతున్న ఇంట్లో ఎవరి మనసూ లెక్కల మీద ఉండదు.

మిగిలిన 8 వేలలో 5 వేలు మీ చేతికి రాకుండానే దాచొచ్చు. మీ ఆయన జీతంలో ఏఎఫ్‌పీపీ ఫండ్ కోత ఉంటుంది. జవాన్ల ప్రావిడెంట్ ఫండ్ అది. 2020 ఏప్రిల్ నుంచి దాని వడ్డీ 7.1 శాతం. ఆ కోతను నెలకు 5 వేలు పెంచమని యూనిట్‌లో రాసివ్వమనండి. మీకు 34 వేల బదులు 29 వేలు వస్తాయి. ఇదే వడ్డీ కొనసాగితే ఎనిమిదేళ్లలో మీరు వేసే 4 లక్షల 80 వేలు సుమారు 6 లక్షల 40 వేలు అవుతాయి. ఏ సెలవూ దాన్ని ముట్టుకోలేదు, ఏ చుట్టమూ చేబదులు అడగలేడు. ఇంకో 2 వేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (పెద్ద కంపెనీల షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) సిప్ చేయండి, అంటే నెలనెలా వేయండి. మధ్యలో విలువ తగ్గుతుంది, పెరుగుతుంది. ఎనిమిదేళ్లు కదపకుండా ఉండగలమనుకుంటేనే మొదలుపెట్టండి. చివరి వెయ్యి ఎందుకో ఇన్సూరెన్స్ దగ్గర చెప్తాను.

మీ ఉత్తరంలో పిల్లల చదువు భత్యం మాటే లేదు. ఇద్దరు పిల్లల దాకా ఒక్కొక్కరికి నెలకు 2,812 రూపాయల 50 పైసలు వస్తుంది. ఏడాదికి ఇద్దరికీ కలిపి 67,500. నర్సరీ నుంచే వర్తిస్తుంది. స్కూలు సంవత్సరం అయ్యాక హెడ్‌మాస్టర్ ఇచ్చే సర్టిఫికెట్‌తో యూనిట్‌లో క్లెయిమ్ చేసుకోవాలి. ఆ సర్టిఫికెట్ తెచ్చి పంపాల్సింది మీరే. ఇంతకుముందే వస్తుంటే అది ఎటు పోతోందో ఆయనను అడగండి, అది పిల్లల డబ్బు. అందులోంచి పాప పేరున పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి ఏడాదికి 24 వేలు వేయండి. పదేళ్లు నిండేలోపే తెరవాలి. 2024 జనవరి నుంచి 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు. ప్రభుత్వం మూడు నెలలకోసారి ఈ రేటును సమీక్షిస్తుంది. ఖాతా తెరిచిన 21 ఏళ్లకు, అంటే పాపకు 28 వచ్చాక గడువు తీరుతుంది. పదో తరగతి పాసైనా, 18 నిండినా చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. ఆరో తరగతికి కలికిరి సైనిక్ స్కూల్‌ను కూడా మనసులో పెట్టుకోండి. సైనిక్ స్కూళ్లలో ఇప్పుడు ఆడపిల్లలనూ చేర్చుకుంటున్నారు, సైనికుల పిల్లలకు కొన్ని సీట్లు ప్రత్యేకంగా ఉంటాయి.

బ్యాంకులో ఉన్న 4 లక్షల 60 వేలలో లక్షన్నర అత్యవసరానికి మీ ఇద్దరి పేరున ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ ఖాతాలో (ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగేది) ఉంచండి. మిగతాది రెండు మూడు ముక్కలుగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఒకే ముక్కగా వేస్తే చిన్న అవసరానికీ మొత్తం విరగ్గొట్టాలి. మీ కుట్టుపని డబ్బు ఇంటి ఖర్చులో కలపకండి. మీ పేరున పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా తెరిచి, ఏ నెల ఎంత వీలైతే అంత వేయండి.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. మీ ఆయన ఆర్మీలో చేరినప్పుడు పెళ్లి కాలేదు. అప్పుడు నామినీగా తల్లి పేరే రాసి ఉంటారు. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్‌లో (ఇలాంటి మార్పులు రాసే ఆర్మీ రికార్డు) నమోదై, కిండ్రెడ్ రోల్‌లో (కుటుంబ సభ్యుల జాబితా) మీ ముగ్గురి పేర్లూ ఉన్నాయా? ఏఎఫ్‌పీపీ ఫండ్‌లో, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో నామినీ ఎవరు? మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే అక్కడా ఉన్నాయా? ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఇంకోచోట అత్తింటిది ఉంటే, ఒక్క అక్షరం తేడా ఉన్నా, తర్వాత పెన్షన్ కాగితాల దగ్గర ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆయన సర్వీసులో ఉండగా యూనిట్ క్లర్కు దగ్గర సరిచేయించడం చాలా తేలిక. ఆ కాగితాల నకళ్లు ఆయన ట్రంకులో ఒక సెట్టు, మీ బీరువాలో ఒక సెట్టు ఉండాలి.

ఈ మాట ఎత్తితే అత్తమ్మ మనసు కష్టపెట్టుకుంటారేమో అని మీకు అనిపించొచ్చు. ఆమె కొడుకును దేశానికి పంపిన తల్లి. ఆమెను పక్కకు నెట్టినట్టు ఉండకూడదు. నామినేషన్‌లో ఆమెకూ ఒక వాటా రాయించొచ్చేమో యూనిట్‌లో అడగమనండి. లేదా ఆమె పేరునే చిన్న డిపాజిట్ వేసి, వడ్డీ ఆమె చేతికే వచ్చేలా చేయండి. ఈ మాట మీరు కాకుండా మీ ఆయనే తల్లితో చెప్పాలి, అదీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడే.

ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ సర్వీసులో ఉన్నన్నాళ్లే పూర్తిగా కాస్తుంది. పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి ఆయనకు 34 ఏళ్లప్పుడే ఒక టర్మ్ పాలసీ (మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు ఇచ్చే బీమా) తీసుకోండి, ఆలస్యమైన కొద్దీ ప్రీమియం పెరుగుతుంది. ఆ చివరి వెయ్యి దీనికే. ఉద్యోగం సైన్యంలో అని, ఎక్కడ పనిచేస్తున్నారో కూడా దరఖాస్తులో దాచకుండా రాయాలి. యాక్సిడెంట్ రైడర్ (పాలసీకి అదనంగా చేర్చే ప్రమాద బీమా) కలిపితే యుద్ధం, సైనిక చర్యల్లో వర్తిస్తుందో లేదో చదివాకే సంతకం పెట్టమనండి. జీతం పడే ఖాతా డిఫెన్స్ శాలరీ ప్యాకేజీలో ఉందో లేదో కూడా కనుక్కోండి. ఉంటే ప్రమాద బీమా ఉచితంగా వస్తుంది.

ఏజెంటు చెప్పే పాలసీ వద్దు. కొత్త పన్ను విధానంలో 2025–26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు. ఆ విధానంలో పాలసీ ప్రీమియానికి మినహాయింపే లేదు. లేని పన్నును తగ్గించుకోవడానికి ప్రీమియం కట్టడం ఎందుకు?

క్యాంటీన్ విషయంలో మొహమాటం వదలండి. ఆ సరుకు కార్డున్న కుటుంబం వాడుకోవడానికి ఇచ్చింది. చుట్టాలకు కుక్కర్లు, మిక్సీలు తెచ్చిపెట్టడం నిబంధనలకు సరిపోదు. పైగా ముందు మీ చేతి డబ్బు పెట్టి, తర్వాత రెండు నెలలు అడగలేక ఊరుకుంటారు. ‘కార్డుకు లిమిట్ అయిపోయింది’ అనే సాకు కూడా వద్దు. ‘మా ఇంటి వరకే తెచ్చుకోవాలట, ఆయన గట్టిగా చెప్పారు’ అనండి. మీ పరపతి ఎక్కడికీ పోదు.

మళ్లీ ప్లాటుకే వస్తాను, ఎందుకంటే మీ చిన్నాయన మళ్లీ ఫోన్ చేస్తారు. సొంత స్థలం కావాలనుకోవడం మంచి కోరికే. మూడు నాలుగేళ్ల తర్వాత అప్పు లేకుండానో, చిన్న అప్పుతోనో కొనండి. జీపీఏ మాత్రం ఆయన పేరున చేయొద్దు. మనిషి మంచివాడా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. రిజిస్టర్ అయిన అమ్మకం పత్రం లేకుండా ఒక్క జీపీఏ మీదే జరిగే అమ్మకంతో స్థలం మీద హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. రిజిస్ట్రేషన్ మీ ఆయన సెలవులో ఉన్నప్పుడే పెట్టుకోండి, లేదంటే మీ పేరునే చేయించుకోండి. మన వైపు డీకేటీ భూములను కూడా ప్లాట్లు వేసి అమ్ముతుంటారు. ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి అది. చట్టంలో ఉన్న మినహాయింపులు దాటి కొంటే డబ్బు పోతుంది, స్థలమూ మిగలదు. అందుకే సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించుకోండి. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం) కనీసం ముప్పై ఏళ్లకు తీయించండి, లేఅవుట్‌కు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో తుడా ఆఫీసులోనే అడగండి. చిన్నాయన తొందరపెడితే సర్వే నంబరు, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు), లేఅవుట్ అనుమతి కాపీ వాట్సాప్‌లో పంపమనండి. అవి చేతికొచ్చి, ఒక లాయరు చూసేదాకా టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వకండి.