డిజిటల్ కీ కోడలి దగ్గరే ఉండాలి

చిరంజీవి నాన్నకి, పెద్దమ్మ ఆశీస్సులు.

కోడలు సర్పంచ్‌గా గెలిచిందని విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఆమెకు చెప్పాల్సినవి ఆమెకే చెప్తాను. ఈ ఉత్తరం నీకు.

1993లో పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి ఇచ్చాక జరిగిన ఎన్నికల్లో నేను గెలిచాను. తీర్మానాల పుస్తకం ఇంటికే వచ్చేది. మీ పెదనాన్న వేలు పెట్టిన చోట సంతకం పెట్టేదాన్ని. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి, "ఈ కల్వర్టు ఏ వీధిలోదమ్మా?" అని అడిగారు. నేను మీ పెదనాన్న మొహం చూశాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదురా.

ఇప్పుడు బిల్లు కదలాలంటే సర్పంచ్ సంతకం బదులు కంప్యూటర్‌కి డిజిటల్ కీ పెట్టాలి. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. అది నీ చొక్కా జేబులోకి రాకూడదు, పాస్‌వర్డ్ నీకు తెలియకూడదు. నీ మీద నమ్మకం లేక కాదు. రేపు తేడా వస్తే జవాబు చెప్పాల్సింది తనే.

మీటింగ్‌కి బండి మీద దింపి వచ్చెయ్, పక్క కుర్చీలో కూర్చోకు. పిల్లాడి స్కూలు, సాయంత్రం వంట నువ్వు చూసుకో. మీ అమ్మకి నేను చెప్తాను.

కోడలు చదివింది కెమిస్ట్రీ కదా, నీళ్లతోనే మొదలుపెట్టమను. వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నిండాలి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ పథకంలో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్ష నేర్పుతారు, ఆ ఐదుగురినీ తనే దగ్గరుండి ఎంచుకోవాలి. గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, క్రిముల్ని చంపే క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు కింద కాదు, చివరి వీధి కుళాయిలో చూడాలి. రంగు రాకపోతే ఆపరేటర్‌ని కోడలే అడగాలి. అతను "అయ్యగారితో మాట్లాడతానండి" అని నీ దగ్గరికొస్తే, తిరిగి ఆమె దగ్గరికే పంపు. అక్కడ నువ్వు మెత్తబడితే ఇక ఊరంతా నీ దగ్గరికే వస్తుంది.

"ఆడవాళ్లకి ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లు అరుగు మీద ఉంటారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు రాజ్యాంగ సభలో కూర్చున్నారని చెప్పు. వాదన పెంచుకోకు.

ఆదివారం వస్తున్నాను. తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్ ఎలా చదవాలో కోడలికి చూపిస్తాను. ఆ పూట పిల్లాణ్ణి నువ్వు ఎత్తుకో.

మీ పెద్దమ్మ